పాత బండి ఆయిల్ తాగుతుంటే

దేవరకొండ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్లలో ఇరవై ఏళ్ల నాటి స్ప్లెండర్లు ఇంకా పాల క్యాన్లు, యూరియా బస్తాలు మోస్తూనే ఉన్నాయి. అలాంటి బండి ఆయిల్ తాగుతోందంటే ముందుగా వినిపించే మాట "ఇంజన్ పని". వేలు ఖర్చు పెట్టే ముందు ఆ ఆయిల్ ఏ దారిన పోతోందో తెలుసుకోవాలి. అది పొగే చెబుతుంది.

ఆయిల్ కాలిన పొగ నీలంగా ఉంటుంది. సగం కాలిన ఆయిల్ ఆవిరి బయటి గాలి తగలగానే అతి సన్నని తుంపరలవుతుంది. అవి ఎర్ర వెలుగు కంటే నీలి వెలుగును ఎక్కువగా చెదరగొడతాయి. నల్ల పొగ వస్తే అది పెట్రోలు ఎక్కువై పట్టిన మసి, ఆ సంగతి వేరు.

పిస్టన్‌కు మూడు రింగులు. పై రెండూ కంప్రెషన్, అంటే పిస్టన్ పైన నొక్కుకున్న గాలి ఒత్తిడి, జారిపోకుండా ఆపుతాయి. కింది ఆయిల్ రింగు బోరు (పిస్టన్ పైకీ కిందికీ ఆడే సిలిండర్) గోడ మీది ఆయిల్‌ను గీకేసి పల్చని పొర మాత్రం వదులుతుంది. స్ప్లెండర్ స్ట్రోకు, అంటే పిస్టన్ ఒకసారి కదిలే దూరం, 49.5 మిల్లీమీటర్లు. ఇంజన్ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే పిస్టన్ సెకనుకు సగటున దాదాపు 10 మీటర్లు ఆ గోడను రాసుకుంటూ పోతుంది. ఇక మధ్యలో దుబ్బ చేరితే? మన చల్క నేలల ఇసుకలో ఉండే క్వార్ట్జ్ బోరు ఇనుము కంటే గట్టిది. చిరిగిన ఎయిర్ ఫిల్టర్‌తో పత్తి చేల బాటల్లో తిరిగిన బండికి బోరు తొందరగా అరగక తప్పదు. అందుకే నేనైతే ముందు ఫిల్టర్ డబ్బానే తెరవమంటాను. అక్కడి నుంచి కార్బురేటర్‌కు పోయే పైపు లోపల వేలితో తుడిచి చూడండి. గరుగ్గా మట్టి తగిలిందంటే దుబ్బ ఇంజన్‌లోకి పోతున్నట్టే.

రేస్ ఇచ్చినంతసేపూ, ఎత్తు ఎక్కుతున్నంతసేపూ నీలి పొగ వస్తుంటే రింగులు, బోరు అరిగాయనుకోవాలి. దోమలపెంట నుంచి శ్రీశైలం డ్యామ్ వైపు ఘాట్ దిగుతూ రేస్ వదిలేసి, మళ్లీ ఇవ్వగానే గుప్పున వస్తే అనుమానం వాల్వ్ సీళ్ల మీదికి, అంటే వాల్వుల పక్క నుంచి ఆయిల్ దిగకుండా ఆపే రబ్బరు ముక్కల మీదికి పోవాలి. రేస్ వదిలినప్పుడు ఇన్లెట్‌లో (గాలి, పెట్రోలు లోపలికి వెళ్లే దారిలో) ఒత్తిడి బాగా పడిపోయి, వేడికి గట్టిపడ్డ రబ్బరు సీలు సందులోంచి ఆయిల్‌ను లోపలికి లాగేస్తుంది. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు వచ్చి ఆగిపోయే పొగ కూడా చాలాసార్లు ఈ సీళ్లదే. తప్పు వాటిదొక్కటే అయితే బోరు జోలికి పోనక్కర్లేదు.

ఇంకా అనుమానముంటే ప్లగ్గు విప్పి కంప్రెషన్ ఒకసారి కొలవమని మెకానిక్‌కు చెప్పండి. తర్వాత ఆ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. బాగా పెరిగితే రింగులు అరిగినట్టే.

చిక్కటి ఆయిల్ పోస్తే పొగ కొంత తగ్గొచ్చు, అరిగింది మాత్రం తిరిగి రాదు. కారు ఆయిల్ అసలే వద్దు. ఈ బండ్లలో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి, కొన్ని కారు ఆయిళ్లకు అవి జారిపోతాయి. డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA, ఇలాంటి క్లచ్ ఉన్న బండ్ల ఆయిల్‌కు వేసే గుర్తు) అని ఉండాలి.

బోరు అరిగాక రింగులొక్కటే మార్చడం డబ్బు దండగ. లేత్‌లో 0.25 మిల్లీమీటర్ల సైజు పెంచి బోరు కొట్టించి, దానికి సరిపడే పిస్టన్ వేయించాలి. బోరు తీసుకునేటప్పుడు వెలుగులో పట్టి చూడండి. లోపల హోనింగ్ చేసిన, అంటే సానరాయితో రుద్దిన, సన్నని అడ్డగీతలు కనిపించాలి. ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే, కొత్త రింగులు కుదురుకునేది వాటి మీదే. అద్దంలా నున్నగా ఉంటే మళ్లీ హోనింగ్ చేయించాకే బిగించమనండి.