సమాధి మీద రాయి లేని గిటారిస్టు

1964 మే నెల, ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్. రైళ్ళు ఆగిపోయిన ఒక పాత స్టేషన్లో టీవీ షూటింగ్. ఒక ప్లాట్‌ఫామ్ మీద బ్యాండు, పట్టాలకి ఇవతల ఇంకో ప్లాట్‌ఫామ్ మీద కుర్రకారు. వాన పడి అంతా తడితడిగా ఉంది. గుర్రబ్బండి దిగి, కోటు వేసుకున్న ఒక నల్లజాతి ఆవిడ వచ్చి, తెల్ల ఎలక్ట్రిక్ గిటార్ తగిలించుకుని బైబిల్లోని నోవహు కాలం నాటి వాన మీద పాట అందుకుంది. పాట మధ్యలో ఆ గిటార్ మీద ఆవిడ వేళ్ళు ఆడే తీరు చూసి తీరాలి, నేను ఆ వీడియో ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో.

ఆవిడే సిస్టర్ రోసెట్టా థార్ప్. అప్పటికి 49 ఏళ్ళు, మంచి రోజులు అప్పటికే వెళ్ళిపోయాయి.

పుట్టింది 1915లో, ఆర్కాన్సాస్‌లోని కాటన్ ప్లాంట్ అనే ఊళ్ళో. వాళ్ళమ్మ పెంతెకొస్తు తరహా క్రైస్తవ సంఘంలో వాక్యం చెబుతూ మాండొలిన్ వాయించేది. ఈ పిల్ల కూడా గిటార్ పట్టుకుని అమ్మ వెంట కూటాలకి తిరిగింది. చప్పట్లు, కేకలు, ఒళ్ళు మరిచి పాడటం అక్కడ మామూలే, తర్వాత జనం రాక్ అండ్ రోల్ అన్న దాంట్లో సగం ఊపు అక్కడిదే అంటాన్నేను.

1938లో న్యూయార్క్‌లో డెక్కా కంపెనీకి రికార్డులు ఇచ్చింది, అదే ఏడాది అక్కడి కాటన్ క్లబ్ అనే నైట్‌క్లబ్ స్టేజీ కూడా ఎక్కింది. గొడవంతా ఇక్కడే. చర్చిలో పాడే దేవుడి పాటని తాగి ఊగే వాళ్ళ మధ్య పాడితే సంఘం పెద్దలకి మింగుడుపడుతుందా? 1950ల మొదట్లో బ్లూస్ (నల్లజాతివాళ్ళ లౌకిక పాటలు) కూడా రికార్డు చేసేసరికి మిగిలిన భక్తులూ దూరమయ్యారు. అటు రాక్ చరిత్ర రాసినవాళ్ళేమో 'గాస్పెల్ గాయని', అంటే చర్చి పాటలు పాడే ఆవిడ, అని పక్కన పెట్టేశారు. రెంటికీ చెడ్డ రేవడి అయింది ఆవిడ పని.

నిజానికి 1944లో ఆవిడ రికార్డు చేసిన 'స్ట్రేంజ్ థింగ్స్ హ్యాపెనింగ్ ఎవ్రీ డే' మరుసటి ఏడాది అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ వేసే నల్లజాతి సంగీతం చార్టులో 2వ స్థానానికి వెళ్ళింది. రాక్ అండ్ రోల్ రారాజు అనిపించుకున్న ఎల్విస్ ప్రెస్లీ మొదటి సింగిల్ వచ్చింది 1954లో! 1951లో వాషింగ్టన్ బేస్‌బాల్ స్టేడియంలో ఆవిడ మూడో పెళ్ళి చేసుకుంటే దాదాపు 25 వేలమంది టికెట్ కొనుక్కుని వచ్చారట. పెళ్ళికి టికెట్టేమిటో! పెళ్ళయ్యాక కచేరీ కూడా ఉందిలెండి.

1973లో ఫిలడెల్ఫియాలో చనిపోయింది. సమాధి మీద పేరు చెక్కిన రాయి పడటానికి ముప్పై ఏళ్ళ పైనే పట్టింది.

ఇంకో ముచ్చట. 1947లో జార్జియాలోని మేకన్‌లో రోసెట్టా తన కచేరీకి ముందు ఒక 14 ఏళ్ళ కుర్రాడు పాడుతుంటే విని, స్టేజీ ఎక్కించి పాడించి, చేతిలో డబ్బులు కూడా పెట్టింది. ఆ కుర్రాడే తర్వాత రాక్ అండ్ రోల్ తొలి తారల్లో ఒకడైన లిటిల్ రిచర్డ్. ఆ సంగీతంలో గొప్పవాళ్ళని గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో 1986 నాటి మొదటి బ్యాచ్‌లోనే చేరాడు. ఆవిడ వంతు 2018లో వచ్చింది.