మోకాలు కుదిరినా పోని భయం

కబడ్డీ కూతకు వెళ్ళినవాడు ఒక్కసారిగా పక్కకు మళ్ళబోతాడు. మోకాల్లో టప్‌మని చప్పుడు. మోకాలి లోపల తొడ ఎముకను, కింది ఎముకను కట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ చాలాసార్లు ఇలాగే తెగుతుంది. ఆపరేషన్‌లో తొడ వెనక నుంచో, మోకాలి చిప్ప కింది నుంచో తీసిన స్నాయువును, అంటే తాడులాంటి గట్టి పోగును, దాని చోట అమరుస్తారు. కుట్లు మానతాయి, నడక కుదురుతుంది. కానీ హనుమకొండ నెహ్రూ స్టేడియంలో ఒంటికాలి మీద గెంతమంటే మాత్రం చెమటలు పడతాయి. "ధైర్యం చెయ్యి బిడ్డా" అంటారు ఇంట్లోవాళ్ళు.

ఇది పిరికితనం కానే కాదు. మోకాలు ఎంత వంగిందో, ఎటు జారుతోందో మెదడుకు చెప్పే నాడీ కొనలు ఆ లిగమెంట్‌లో ఉండేవి. అది తెగడంతో ఆ కబురు తగ్గిపోయింది. పైగా కీలులో వాపు ఉన్నన్నాళ్ళూ తొడ ముందు కండరానికి నాడుల నుంచి అందే ఆదేశం బలహీనపడుతుంది. ఎంత బిగించాలనుకున్నా అది పూర్తిగా బిగుసుకోదు. ఇలాంటి కాలును మెదడు నమ్మకపోవడంలో వింతేముంది? ఈ భయం హద్దు మీరితే వైద్యులు కైనీసియోఫోబియా అంటారు. 17 వాక్యాలున్న టాంపా స్కేల్ అనే ప్రశ్నావళితో దాన్ని కొలుస్తారు.

2014లో ఈ ఆపరేషన్ చేయించుకున్న ఏడు వేలమందికి పైగా రోగుల వివరాలను కలిపి చూస్తే, 81 శాతం మంది ఏదో ఒక ఆటకు తిరిగి వచ్చారు. మునుపటి స్థాయికి చేరింది 65 శాతమే. మనసు సిద్ధంగా ఉండడం కూడా ఇందులో పెద్ద అంశమని తేలింది.

అసలు చిక్కు మరోటుంది. మొదటి రెండు మూడు నెలల్లో నొప్పి తగ్గి హుషారొస్తుంది. సరిగ్గా అప్పుడే కొత్త స్నాయువు బాగా బలహీనంగా ఉంటుంది. అది గట్టిపడే నాటికేమో మనిషి భయంతో కాలు బిగబట్టి గెంతుతాడు, మోకాలు వంచకుండా దిగుతాడు. అలా దిగితే మోకాలి మీద భారం ఇంకా పెరుగుతుంది. అందుకే మొదట్లో ఆగమని, తర్వాత కదలమని చెప్పాలి. మన దగ్గర చాలా ఇళ్ళలో ఇది తలకిందులవుతోందని నా బాధ.

భయాన్ని మాటలతో పోగొట్టలేం. ఫిజియో ఎదుట, భయపెట్టే కదలికనే చిన్న మోతాదులో చేయాలి. ముందు రెండు కాళ్ళతో గెంతడం, తర్వాత ఒంటికాలితో దిగడం, ఆపైన పక్కకు మళ్ళడం, చివరికి కూత. "ఏమవుతుందనుకున్నావు, ఏమైంది?" అని ప్రతిసారీ అడగాలి. ఏమీ కాలేదన్న అనుభవం పదేపదే దొరికితేనే మెదడు తన అంచనా మార్చుకుంటుంది.

తొందర మాత్రం వద్దు. తొమ్మిది నెలలు నిండేదాకా పోటీలకు దూరంగా ఉంటే మళ్ళీ దెబ్బతినే ముప్పు బాగా తగ్గుతుంది. బరిలోకి దిగేముందు రెండు తొడల బలంలో తేడా పది శాతం లోపు ఉందో లేదో కొలిపించుకోండి. ఏ కదలికకు భయమేస్తోందో కూడా ఆ రోజే ఫిజియోకు చెప్పండి.