హోమోసిస్టీన్‌ను దారి మళ్లించే ఎంజైము

చోడి అంబలిలోనూ నువ్వుల్లోనూ చేపల్లోనూ మిథియోనైన్ అనే గంధకపు అమైనో ఆమ్లం ఉంటుంది. శరీరం దాన్ని వాడుకొనే క్రమంలో హోమోసిస్టీన్ పుడుతుంది. ఫోలేటు, బి12 విటమిన్ల సాయంతో అది తిరిగి మిథియోనైన్ కావచ్చు. లేదా సిస్టాథయోనిన్ బీటా సింథేస్ అనే ఎంజైము దాన్ని సెరిన్ అనే మరో అమైనో ఆమ్లంతో కలిపి సిస్టాథయోనిన్‌గా మారిస్తే, మరో ఎంజైము అందులోంచి సిస్టీన్‌ను విడదీస్తుంది. ఈ రెండో దారి పట్టిన హోమోసిస్టీన్ మళ్లీ వెనక్కి రాదు.

ఆ ఎంజైముకు బి6 విటమిన్ నుంచి వచ్చే పిరిడాక్సల్ ఫాస్ఫేటు తప్పనిసరి. ఈ ఎంజైమును తయారుచేసే జన్యువు 21వ క్రోమోజోము మీద ఉంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న ప్రతులే వచ్చిన బిడ్డలో హోమోసిస్టీన్ పేరుకుపోయి, హోమోసిస్టిన్యూరియా అనే జబ్బు కలుగుతుంది. 1962లో ఉత్తర ఐర్లండులో, బుద్ధి ఎదగని పిల్లల మూత్రాన్ని పరీక్షిస్తుండగా కార్సన్, నీల్ అనే పరిశోధకులు దీన్ని గుర్తించారు. లోపం ఈ ఎంజైములోనే ఉందని 1964లో మడ్ బృందం తేల్చింది.

కంటి కటకం స్థానం తప్పడం, కాళ్లు చేతులు సన్నగా పొడవుగా సాగడం, ఎముకలు గుల్లబారడం, చిన్న వయసులోనే రక్తనాళాల్లో గడ్డలు కట్టడం దీని లక్షణాలు. మార్ఫాన్ అనే మరో జన్యు జబ్బులోనూ కటకం జారుతుంది గనుక రెంటినీ పొరబడటం సులువే, అయితే అక్కడ అది సాధారణంగా పైకి, ఇక్కడ కిందికి జారుతుంది. అనుమానం వస్తే రక్తంలో హోమోసిస్టీన్ కొలిపించాలి.

జబ్బు అరుదైనదే. కాని ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడల తెలుగు కుటుంబాలకు దీన్ని ప్రత్యేకంగా చెప్పవలసిన కారణం మేనరికం. పొరుగున ఉన్న ఒడియా కుటుంబాల్లో చాలావరకు ఆ ఆచారం లేదు. ఏ జన్యువునైనా ఒకే పూర్వీకుని నుంచి రెండు ప్రతులుగా పొందే అవకాశం బావామరదళ్ల బిడ్డకు 16లో 1 వంతు, మేనమామను చేసుకున్న అమ్మాయి బిడ్డకు 8లో 1 వంతు. మేనరికపు పిల్లలందరికీ జబ్బులు వస్తాయని దీనర్థం కాదు. ఒక బిడ్డలో మాత్రం ఈ లోపం బయటపడితే, తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ 4లో 1 వంతు ప్రమాదం ఉంటుంది కాబట్టి, లక్షణాలు లేకున్నా వారికీ పరీక్ష చేయించాలి.

రోగుల్లో దాదాపు సగం మందికి బి6 పెద్ద మోతాదులో ఇస్తే ఎంజైము కొంతైనా పుంజుకొంటుంది. మిగిలినవారికి మిథియోనైన్ తక్కువగా ఉండే ఆహారమే ఆధారం. దానితోపాటు ఇచ్చే బీటైన్, కాలేయంలో వేరొక ఎంజైము ద్వారా హోమోసిస్టీన్‌ను తిరిగి మిథియోనైన్‌గా మారుస్తుంది.