కేసెట్‌లో లేకపోతే నాట్యంలో లేనట్టేనా?

ప్రాజెక్టుల గడువు దగ్గరపడగానే తిరుపతిలోని మా గ్రంథాలయపు నాట్య విభాగానికి, అంటే పాత ప్రదర్శనల కేసెట్లు, ఫోటోలు దాచే భాండాగారానికి, ఎం.ఏ. పిల్లలు భయం భయంగా వస్తారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. వాళ్ళకంటే ముందే వచ్చి కూర్చునే పుకార్ల మీదే నాకు కోపం.

అపోహ: భాండాగారంలో కనబడలేదంటే ఆ సంప్రదాయంలోనే లేదు.

విద్యార్థులను ఇంతగా ముంచిన నమ్మకం మరొకటి లేదు. ఒక అమ్మాయి మా దగ్గరున్న ఒక గురువుగారి భామాకలాపం వీడియో చూసి, ఆ గురువుగారి బాణీలో సత్యభామ కృష్ణుడికి లేఖ రాసే ఘట్టం లేదంటూ ఏకంగా ఒక అధ్యాయం రాసేసింది. కేసెట్ మూడు గంటలది. తెల్లవార్లూ ఆడిన కలాపం అందులో ఎలా పడుతుంది? సత్యభామ లేఖ దాకా రాకముందే టేపు అయిపోయింది. ఆ ప్రదర్శన ఆహ్వానపత్రిక పక్క పెట్టెలోనే ఉంది. దాని వెనక పెన్సిలుతో ‘రెండో కేసెట్ లేఖ నుంచి’ అని రాసి ఉంది. ఆ రెండోది మాకు చేరనే లేదు. పాపం, రెండు నెలల పని మళ్ళీ మొదటికొచ్చింది. పెట్టె మీద ఆ మాట మేమే రాసి ఉండాల్సింది. ఇప్పుడు రాశాం.

అందుకే కేసెట్‌తో పాటు కరపత్రం, ఫోటోలు, గురువుగారి జతుల (అడుగులకు పలికే తాళపు అక్షరాల) నోటుపుస్తకం కూడా అడగండి. మొదటిసారి ఏమీ రాసుకోకుండా చూడండి. రెండోసారి ధ్వని తీసేసి చూడండి, అడుగులు స్పష్టంగా తెలుస్తాయి. కెమెరా ముఖం దగ్గరికి వెళ్ళినప్పుడల్లా నిమిషం, సెకను రాసి పెట్టుకోండి. అక్కడ పాదాలు ఏం చేశాయో మీరు చూడలేదు, కాబట్టి దాని గురించి తీర్పు ఇవ్వకండి.

క్యాటలాగు విషయమూ ఇంతే. తిరుమల ఆలయ నర్తకుల కోసం ‘దేవదాసి’ అని వెతికి, ఏమీ లేదని లేచి వెళ్ళిపోయేవారిని ఎందరినో చూశాను. శాసనాలలో వాళ్ళను ‘ఎంపెరుమానడియార్’ అన్నారు. ఆ కాలపు మాటతో వెతకాలి. మన గంగజాతరలోని బైరాగి, తోటి, దొర, మాతంగి వేషాల ఫోటోలు కూడా మా దగ్గర నృత్యం కింద ఉండవు, జాతరల కింద ఉంటాయి. దొరక్కపోతే నన్ను అడగండి, నేనున్నది అందుకే.

అపోహ: పీహెచ్‌డీ వాళ్ళకే చూపిస్తారు.

కాదు. గైడు సంతకం చేసిన లేఖ, గుర్తింపు కార్డు ఉంటే మాకు చాలు.

అపోహ: తెర మీద వచ్చేదంతా ఫోనులో తీసుకోవచ్చు.

వద్దు. కళాకారులకు తమ ప్రదర్శన మీద చట్టం 50 ఏళ్ళ హక్కు ఇచ్చింది. ఏ భాగం కావాలో చెప్పండి, దారి చూస్తాం.

అపోహ: పాత కేసెట్లు ఎక్కడికీ పోవు, చివర్లో చూసుకోవచ్చు.

టేపుకు బూజు పడుతుంది. వీ.హెచ్.ఎస్. ప్లేయర్ల తయారీ 2016లోనే ఆగిపోయింది. మా దగ్గర పనిచేస్తున్నది ఒక్కటే. గడువుకు వారం ముందు పది మంది వస్తే అందరికీ దాన్ని ఇవ్వలేను. అంశం ఖరారైన వారమే రండి.