పదిహేడు అంగుళాల చిక్కు: పాత స్పోర్ట్స్ కారుకు టైర్లు ఎందుకు దొరకవు

ఒడిశా రాయగడలో ఉండే మా బావమరిది నిరుడు హైదరాబాద్ వెళ్లి ఒక పాత పోర్షె బాక్‌స్టర్ కొన్నాడు. 2008 మోడల్, రెండే సీట్లు, వెనక్కి మడిచిపెట్టే గుడ్డ టాపు. కారు తిరిగింది తక్కువ. టైర్లలో ఇంకా అయిదారు మిల్లీమీటర్ల గ్రిప్ (గాళ్ల లోతు) ఉందని అమ్మినాయన వేలు పెట్టి మరీ చూపించాడట. అందులో అబద్ధమేమీ లేదు.

ఒక ఆదివారం మేమిద్దరం నేల మీద చతికిలబడి, ఫోను లైటు వేసి టైరు చూశాం. బయటి సైడ్‌వాల్, అంటే టైరు పక్కగోడ మీద తయారీ తేదీ లేదు. కారును జాకీతో లేపి లోపలి వైపు వెతికితే, కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు కనిపించాయి: 3813. అంటే 2013వ సంవత్సరం 38వ వారం. గోటితో నొక్కితే రబ్బరు కొయ్యలా ఉంది. అక్కడక్కడ ఎండిన చెరువు మట్టిలా సన్నటి బీటలు. ఎండ వేడి, గాలిలోని ఆక్సిజన్ రబ్బరును గట్టిపరుస్తాయి, ఓజోన్ పైన బీటలు తెస్తుంది. షెడ్డులో నిలబెట్టి ముచ్చటగా తుడుచుకునే కార్ల టైర్లు అరిగిపోయి కాదు, ముసలివై పాడవుతాయి. పదేళ్లు దాటితే గ్రిప్ ఎంత ఉన్నా తీసేయమని చాలా టైర్ల కంపెనీలే చెబుతాయి. రాయగడ నుంచి లక్ష్మీపురం మీదుగా కోరాపుట్ వెళ్లే కొండదారిలో, శ్రావణమాసం వానలో, ఈ టైర్లతో ఒక్క మలుపు తిరగాలన్నా నాకు ధైర్యం చాలదు.

మర్నాడు ఊళ్లోని టైర్ల కొట్టుకు వెళ్లాం. ఈ కారుకు ముందు 205/55 జడ్‌ఆర్ 17, వెనక 235/50 జడ్‌ఆర్ 17 కావాలి. మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము కొలత; 'జడ్' అంటే ఎక్కువ వేగానికి చేసిన టైరని. కొట్టులో లారీ టైర్లు, ట్రాక్టర్ టైర్లు, బొలెరో టైర్లు కప్పుదాకా ఉన్నాయి. పదిహేడంటే క్రెటా సైజు 215/60 ఒక్కటే ఉంది. "పదిహేడే కదా బాబూ, ఇది పట్టేస్తుంది" అన్నాడు కొట్టాయన. రిమ్ముకు పడుతుంది, నిజమే. కానీ కాగితం మీద లెక్క వేస్తే అసలు ముందు టైరు ఎత్తు 657 మిల్లీమీటర్లు, ఆయన చూపించింది 690. వెనక టైరేమో 667. ముందుది వెనకదాన్ని మించిపోతే స్పీడోమీటర్ సంగతి సరే, చక్రాల వేగాలు పోల్చుకుని, అవి బిగుసుకుపోకుండా బ్రేకును సర్దే ఏబీఎస్ కూడా తికమకపడుతుంది. మలుపులో టైరు బాడీకి రాసుకోవచ్చు కూడా.

ఆయన్ని తప్పుపట్టలేం. ఆ కొట్టులో ఏమున్నాయన్నది ఆయనొక్కడు నిర్ణయించింది కాదు.

అంబాసిడర్ రోజుల్లో మన కార్లవి బయాస్ టైర్లు. లోపలి దారాలు ఐమూలగా ఒకదాని మీద ఒకటి అడ్డంగా పోయేవి. సైజు 5.90-15 అని రాసేవారు. వెడల్పు, రిమ్ము చెబితే చాలు. సైడ్‌వాల్ ఎత్తు ఎంత అన్న ప్రశ్నే లేదు. ఫ్రాన్సులో మిషెలిన్ 1946లోనే రేడియల్‌కు పేటెంటు తీసుకుంది. దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు తిన్నగా వెళతాయి, పైన ఉక్కు బెల్టు ఉంటుంది. సైడ్‌వాల్ వంగినా, రోడ్డును తాకే భాగం చదునుగా నిలుస్తుంది. సైజులో కనిపించే 'ఆర్' ఇదే. మా వైపు మెకానిక్కులు దాన్ని 'రేడియస్' అంటారు కానీ 17 అన్నది వ్యాసార్థం కాదు, అంగుళాల్లో రిమ్ము వ్యాసం.

మన దేశానికి రేడియల్‌ను 1977లో తెచ్చింది జేకే టైర్. రాయగడ పక్కన జేకేపూర్‌లో 1962 నుంచి నడుస్తున్న కాగితం మిల్లుదీ అదే జేకే కుటుంబం. ఆ మిల్లుకు సరుగుడు, నీలగిరి దుంగలు మోసే లారీలే ఈ ఊరి టైర్ల వ్యాపారానికి పునాది. ఎక్కువ బరువు, గతుకుల రోడ్డు కాబట్టి లారీలు బయాస్‌ను చాలాకాలం వదల్లేదు. అరిగితే రీట్రెడ్ చేయించుకుని, అంటే పైన కొత్త రబ్బరు పొర వేయించుకుని మళ్లీ తిప్పారు. కార్లు రేడియల్‌కు మారాయి.

స్పోర్ట్స్ కార్లు మరో దారి పట్టాయి. సైడ్‌వాల్ పొట్టిదైతే మలుపులో టైరు తక్కువ వంగుతుంది. 1970లలో పిరెల్లీ పీ7 లాంటి టైర్లతో ఆ పోకడ పోర్షె 911 టర్బో వంటి కార్లకు ఎక్కింది. వెనక ఇంజను బరువుకు తగ్గట్టు వెనక టైర్లు వెడల్పయ్యాయి. దాంతో ముందువీ వెనకవీ మార్చి వాడుకునే వీలు పోయింది. పోర్షె తాను పరీక్షించి ఒప్పుకున్న టైర్లకు 'ఎన్' అక్షరం, పక్కన ఒక అంకె వేయించడం మొదలుపెట్టింది. ఇలా ఒక్కో కారుకు ఒక్కో సైజు తయారై కూర్చుంది. 205/55 అంటే 16 అంగుళాల రిమ్ముకైతే మన దేశంలో కొల్లలుగా దొరుకుతుంది, ఆల్టిస్, ఆక్టేవియా కార్ల పుణ్యమా అని. ఒక్క అంగుళం పెరిగేసరికి మాయం.

అలాంటి అరుదైన సైజులు ఎక్కువగా బయటినుంచే రావాలి. 2009లో కేంద్రం టైర్లకు నాణ్యతా ఉత్తర్వు తెచ్చి ఐఎస్ఐ గుర్తును తప్పనిసరి చేసింది. విదేశీ ఫ్యాక్టరీలైనా ఆ గుర్తు తీసుకోవలసిందే. అసలు దెబ్బ 2020 జూన్ 12న తగిలింది. కార్ల టైర్లతో సహా కొత్త టైర్ల దిగుమతిని స్వేచ్ఛా జాబితా నుంచి 'పరిమిత' జాబితాకు మార్చారు. అప్పటినుంచి లైసెన్సు ఉన్నవారే తేవాలి. దేశీ పరిశ్రమకు మేలు జరిగే ఉంటుంది, కాదనను. కానీ ఇక్కడ సులువుగా దొరకని సైజుకు ఆ రక్షణ దేనికో నాకు బోధపడలేదు. నాలుగు బాక్‌స్టర్ టైర్ల కోసం ఎవరు లైసెన్సు తెస్తారు?

అందుకే కొనేవాడు దొరికిందానితో సర్దుకుంటాడు. నేను సర్దుకోవద్దనేది సైజు, లోడు (టైరు మోయగల బరువు), ఎంత వేగం తట్టుకుంటుందో చెప్పే అక్షరం, ఈ మూడింటి దగ్గర. 'వీ' అంటే 240 కిలోమీటర్ల వేగం వరకు, 'డబ్ల్యూ' 270, 'వై' 300. రాయగడలో ఎవరు పోతారు 240లో అని మావాడి వాదన. ఆ అక్షరం చెప్పేది వేగం ఒక్కటే కాదు. వేడికి టైరు ఎంత తట్టుకుంటుందో కూడా చెబుతుంది. ఈ కారు 250 దాటగలదు కాబట్టి 'డబ్ల్యూ'కు తగ్గకూడదు. టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే ట్రెడ్‌వేర్ అంకెకు మాత్రం నేను పెద్ద విలువ ఇవ్వను. ప్రతి కంపెనీ తన పరీక్షలతో తానే వేసుకునే మార్కు అది. ఒక కంపెనీ 300ను ఇంకో కంపెనీ 300తో పోల్చలేం. 'ఎన్' గుర్తు దొరికితే సంతోషం. లేకపోయినా నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే నమూనావి అయితే నాకు చాలు.

వెనకవి రెండు విశాఖపట్నంలో దొరికాయి. తేదీ చూశాం, ఏడాది లోపువే. బస్సు పార్శిల్‌లో వచ్చి వరండాలో ఉన్నాయి. ముందువాటికి అదే నమూనా ఎవరి దగ్గరా లేదు. వేరే కంపెనీవి రెండు ఉన్నాయి, వేసేద్దామా అని మావాడు వారానికోసారి ఫోను చేస్తాడు. వద్దంటాను. కారు షెడ్డులో స్టాండ్ల మీద ఉంది. పార్వతీపురంలో పనులుంటే అతను ఇప్పటికీ మోటారు సైకిలే తీస్తున్నాడు.