మట్టి మిద్దె కచ్చా ఇల్లు ఎప్పుడైంది?

పక్కా ఇళ్ల మాట వచ్చినప్పుడల్లా పలమనేరు, కుప్పం వైపు పల్లెల్లో ఒకటే తగువు. ఇల్లు మంజూరు కావాలంటే ఉన్న మట్టి మిద్దెను, అంటే మట్టి కప్పున్న ఇంటిని, పడగొట్టాల్సిందేనా?

1977 దివిసీమ ఉప్పెన తర్వాత ఊపందుకున్న పక్కా ఇళ్లు, 2006 ఇందిరమ్మ ఇళ్లు అందరికీ తెలిసినవే. అసలు మలుపు 2011 సామాజిక, ఆర్థిక, కుల గణన ఫారంలో ఉంది. మట్టి గోడ, పచ్చి ఇటుక గోడ, సిమెంటో సున్నమో లేకుండా పేర్చిన రాతి గోడ అన్నిటినీ అందులో కచ్చా కిందే రాశారు. చేత్తో చేసిన పెంకు కప్పూ కచ్చాయే. ఆస్బెస్టాస్ రేకు మాత్రం పక్కా. ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల కింద గడిపిన మనిషికి ఇదెంత అన్యాయమో వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో వేడి ఎంతనే ప్రశ్నే ఫారంలో లేదు. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన (గ్రామీణ్) లబ్ధిదారులను మొదట ఎంచింది ఈ లెక్కల నుంచే.

మిద్దె కట్టిన తీరు చూడండి. రాతి కూసాల (స్తంభాల) మీద దూలాలు, వాటిపై దంతెలు (అడ్డ కర్రలు), ఆపైన కంప పరిచి చౌడు మట్టి తొక్కుతారు. గోడ మూరెడు మందం. పగటి ఎండ ఆ గోడ దాటి లోపలికి దిగేసరికి పొద్దు వాలుతుంది, ఆ కాస్త వేడీ గవాచి (కప్పులో వదిలిన కన్నం) గుండా పైకి పోతుంది. నాలుగంగుళాల స్లాబు కింద రాత్రి పది దాటినా సెగే. ఫ్యాను తిరిగినా ఆ వేడి గాలే, ఆపైన కరెంటు బిల్లు.

మిద్దె వద్దనేవాళ్ల బాధా నిజమే. ఏటా వానలకు ముందు చౌడు వేయాలి, అలకడం ఆడవాళ్ల మీదే పడుతుంది. ఆ పని తెలిసిన మేస్త్రీలూ తగ్గిపోయారు.

అయితే ఆవాస్ యోజన మార్గదర్శకాల్లో పక్కా ఇంటికి ఇచ్చిన నిర్వచనంలో మట్టి గోడ వద్దని లేదు. మామూలు మరమ్మతులతో కనీసం 30 ఏళ్లు నిలవాలి, కప్పు శాశ్వతంగా ఉండాలి, గోడలు స్థానిక వాతావరణానికి తట్టుకోవాలి, అంతే. స్థానికంగా దొరికే సామగ్రినే వాడమని కూడా ఉంది. పల్లెకొచ్చేసరికి బేస్‌మెంటుకింత, స్లాబుకింత అని దశలవారీ బిల్లే రూలైపోయింది. మట్టి గోడకు బిల్లు పెడితే ఆడిట్‌లో ఇరుక్కుంటామని ఇంజినీర్లకు టెన్షన్.

గోడలు ఉంచి కప్పు మాత్రం మార్చుకుంటామని అడిగేవాళ్లది గొంతెమ్మ కోరికేం కాదు. 1985లో వచ్చిన ఇందిరా ఆవాస్‌లో 1999-2000 నుంచి 20 శాతం నిధులు కచ్చా ఇళ్లను బాగుచేసుకోవడానికే పక్కన పెట్టారు. 2016 పథకం ఆ పద్దును వదిలేసింది.