కండ పెరగాలంటే కొవ్వు కరిగేదాకా ఆగాలా?

చేతులు సన్నగా, పొట్ట కాస్త ముందుకు ఉన్న కుర్రాడు జిమ్‌లో చేరితే మొదట అందే సలహా తరచూ ఒకటే: ‘‘ముందు తిండి తగ్గించి కొవ్వు కరిగించు, కండ సంగతి తర్వాత చూద్దాం.’’ ఒంట్లో కొవ్వు ఉన్నంతకాలం తిన్నదంతా కొవ్వులోకే పోతుందని, సన్నబడ్డాక తింటేనే కండ పడుతుందని దీని వెనక ఉన్న నమ్మకం. అలాంటి కుర్రాడికి ఇది మేలుకన్నా చెరుపే ఎక్కువ చేస్తుందని నా గట్టి అభిప్రాయం.

నమ్మకానికి ఆధారం లేకపోలేదు. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో పిల్లల వైద్యుడైన గిల్బర్ట్ ఫోర్బ్స్ శరీర నిర్మాణం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. తిండి తగ్గినప్పుడు బక్కపలచనివారు కోల్పోయే బరువులో కొవ్వు కాని భాగం ఎక్కువగా ఉంటుందని, లావుపాటివారు ఎక్కువగా కొవ్వునే కోల్పోతారని ఆయన చూపించారు. బరువు పెరిగేటప్పుడూ ఇలాంటి తేడాయే కనిపించింది: పెరిగిన బరువులో కొవ్వు కాని భాగం వాటా బక్కపలచనివారిలో ఎక్కువ, లావుపాటివారిలో తక్కువ. అయితే ఆ పెరుగుదల లెక్కలు ప్రధానంగా తిండి పెరిగినప్పటివి. బరువులెత్తి కండకు పని చెప్పినప్పటివి కావు. పైగా కొవ్వు కాని భాగమంటే కండ ఒక్కటే కాదు, నీరు, కాలేయం, పేగులు అన్నీ కలిపి.

కొవ్వు కండను ఆపేసేదే అయితే సుమో మల్లయోధులు ఉండకూడదు. 1994లో జపాన్ పరిశోధకులు కొలిచినవారిలో ఒకాయన ఎత్తు 186 సెంటీమీటర్లు, బరువు 181 కిలోలు. ఒంట్లో మూడో వంతు కొవ్వే. అది తీసేసినా మిగిలింది 121 కిలోలు!

ఇంకా దగ్గరి ఉదాహరణ కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 2016లో ప్రచురించిన ప్రయోగం. అధిక బరువున్న 40 మంది యువకులకు నాలుగు వారాలపాటు అవసరంకన్నా 40 శాతం తక్కువ కేలరీలు ఇచ్చి, వారానికి ఆరు రోజులు గట్టిగా వ్యాయామం చేయించారు. కిలో బరువుకు రోజుకు 2.4 గ్రాముల చొప్పున ప్రొటీన్ తిన్నవారు 4.8 కిలోల కొవ్వు పోగొట్టుకుని, కొవ్వు కాని భాగాన్ని 1.2 కిలోలు పెంచుకున్నారు. 1.2 గ్రాములే తిన్నవారిలో ఆ భాగం పెరగలేదు, అలాగని తగ్గనూ లేదు. తిండిలో చాలని శక్తిని గాదెలోంచి తీసినట్టు ఒంటి కొవ్వు అందించింది. కండ కట్టడానికి కావలసిన సరుకు ప్రొటీన్ ఇచ్చింది.

గాదె మరీ ఖాళీ అయితే ఏమవుతుందో 2013లో ప్రచురితమైన మరో అధ్యయనం చూపిస్తుంది. కండ పెంచే మందులు వాడని ఒక బాడీబిల్డర్ పోటీ కోసం కొవ్వును 14.8 శాతం నుంచి 4.5 శాతానికి దించాడు. కండ పెరగడానికి తోడ్పడే హార్మోన్ టెస్టోస్టెరాన్ మిల్లీలీటరు రక్తానికి 9.22 నుంచి 2.27 నానోగ్రాములకు పడిపోయింది, బలమూ తగ్గింది. వేదిక మీద మెరిసే ఆ ఒళ్లు కండ పెంచుకునే స్థితిలో లేదు.

కొవ్వు మరీ ఎక్కువైనా నష్టమే. కండరాల్లో కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ మాట అవి సరిగా వినవు. స్థూలకాయం ఉన్న యువకుల్లో, ప్రొటీన్ తిన్న తర్వాత కండలో కొత్త ప్రొటీన్ తయారీ సన్ననివారిలో పెరిగినంతగా పెరగలేదని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనించారు.

ఇక మన సంగతి. 2004లో లాన్సెట్ వైద్య పత్రిక ఇద్దరు శాస్త్రవేత్తల ఫొటో వేసింది: పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువును చూపే సూచిక, ఒకటే, 22.3. కానీ యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. ఈ తేడా పుట్టుకతోనే మొదలవుతుందని యాజ్ఞిక్ బృందం అంతకుముందే తేల్చింది. పుణె పరిసర గ్రామాల్లో పుట్టిన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలది 3.5 కిలోలు. మన పిల్లల్లో కండ బాగా తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. చూడటానికి సన్నగా ఉన్నా లోపల కొవ్వు వాటా ఎక్కువ, కండ వాటా తక్కువ. మధుమేహం మనల్ని తక్కువ బరువులోనే పట్టుకోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇలాంటి ఒంటికి ‘ముందు తిండి మానెయ్’ అని చెబితే కొవ్వుతోపాటు ఉన్న కొద్దిపాటి కండా పోతుంది. తొలిరోజు నుంచే బరువులెత్తాలి. తిండి తగ్గించినా అన్నం తగ్గాలి గాని పప్పు, పెరుగు, గుడ్లు, చేపలు తగ్గకూడదు. సాధారణ అవసరానికి భారత వైద్య పరిశోధన మండలి చెప్పే ప్రొటీన్ కిలోకు 0.83 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. కండ పెంచాలనుకునేవారికి 1.6 గ్రాముల దాకా ఉపయోగం ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి; అది 96 గ్రాములు. గుడ్డులోనే ఉండేది ఆరు గ్రాములు కాబట్టి ఒట్టి సాంబారన్నం, మజ్జిగతో ఈ లెక్క తేలదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ని అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు.

రెండు కిలోల కొవ్వు పోయి రెండు కిలోల కండ వస్తే తూకంలో ఏ మార్పూ కనిపించదు. అందుకే బరువుతోపాటు నడుము చుట్టుకొలతను, ఎత్తగలుగుతున్న బరువులను రాసి పెట్టుకోవడం మంచిది.